బాబాయి వాడుకున్న పేరు

మా నాన్న యాభై రెండేళ్ళ కిందట యుద్ధంలో చనిపోయాడని ఒక సోమవారం సాయంత్రం నాకు ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది మా నాన్నే.

అప్పుడే ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి వచ్చాను. ఆ రోజు బట్టలు పిండే యంత్రం మొరాయించి, రెండు వార్డుల దుప్పట్లు చేత్తో పిండాల్సి వచ్చింది. భుజాలు పట్టేశాయి. చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి చదివాను. యుద్ధంలో చనిపోయిన మా ఊరివాళ్ళ పేర్లు చెక్కించి బడి ముందు ఒక రాయి నిలబెడుతున్నారట. మొత్తం తొమ్మిది పేర్లు. ఆరోది నాన్నది. ఇంటిపేరు, పేరు, తాత పేరు, పుట్టిన తేదీ, ఒక్క అక్షరం తేడా లేకుండా నాన్నవే. ఆ సైనికుడి బంధువులెవరైనా ఉంటే, జతచేసిన ఫారం నింపి, ఆయన జీవితం గురించి పది వాక్యాలు రాసి శుక్రవారంలోగా ఆ రాయి పని చూస్తున్న ప్రభుత్వ ఆఫీసులో ఇవ్వాలట.

నాకు నవ్వొచ్చింది. "ఏం నాన్నా, పోయినవాడివి ఒక మాటైనా చెప్పలేదే" అన్నాను.

నాన్న నవ్వలేదు. స్టవ్ పక్కన నిలబడి, చేతిలో ఉన్న గుడ్డతో ఎప్పుడో ఆరిపోయిన గిన్నెని తుడుస్తూనే ఉన్నాడు.

"అది నేను కాదమ్మా. మీ బాబాయి."

నాకొక బాబాయి ఉండేవాడని తెలుసు. పొద్దస్తమానం ఈల వేస్తూ తిరిగేవాడని, అందుకే ఊళ్ళో అందరూ పిట్ట అనేవారని, జబ్బుచేసి చిన్న వయసులోనే పోయాడని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఫొటో లేదు. అంతకుమించి ఆయన గురించి నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న చెప్పాడు. సైన్యంలో చేరాలని ఇంటింటికీ కాగితాలు వచ్చిన రోజులవి. మా ఇంటికి వచ్చిన కాగితం నాన్న పేరు మీద వచ్చింది. అప్పుడు నాన్నకి ఇరవై ఒకటి, బాబాయికి పద్దెనిమిది. బాబాయి సరదాపడ్డాడట. నేను పోతా, నేను పోతా అని ప్రాణం తీసి, ఆ కాగితం పట్టుకుని నాన్న పేరుతో వెళ్ళాడట. కాగితాల మీద ఫొటోలు లేని కాలం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వెళ్ళిన పదకొండో నెలలో చనిపోయాడు. ప్రభుత్వం లెక్కలో చనిపోయింది మాత్రం నాన్న.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీ నానమ్మ వద్దంది. ఒకడు పోయాడు, ఉన్నవాణ్ణి జైల్లో పెడతారు, నోరు మూసుకోమంది. మూసుకున్నాం."

నాకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత సిగ్గేసింది. మా ఇల్లు అమ్మ పేరు మీద ఉండేది. నాన్న పనిచేసే మా రొట్టెల బట్టీ కూడా అమ్మ పేరు మీదే ఉండేది. అమ్మ పోయాక రెండూ నా పేరు మీదకు వచ్చాయి. నాన్న జన్మలో ఓటెయ్యలేదు. నన్ను బడిలో చేర్చిన రోజు గేటు బయటే నిలబడ్డాడు. బ్యాంకు, తహసీల్దారు, కరెంటాఫీసు, ఎక్కడికి వెళ్ళినా అంతే. నేను లోపల క్యూలో నిలబడి చచ్చేదాన్ని, ఆయన బయట చెట్టుకింద చేతులు కట్టుకుని ఉండేవాడు. "నీకు ఆఫీసంటే దయ్యమా" అని, "నీలాంటి మొగవాణ్ణి చూడలేదు" అని, ఎన్నిసార్లు పుల్ల విరిచినట్టు మాట్లాడానో. చేతకానితనం అనుకున్నాను. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు ఆయన.

"ఆ రాయి మీద వాడి పేరు పడాలమ్మా" అన్నాడు. "వాడి సొంత పేరు. నేను పోయేలోగా ఈ ఒక్క పని చేసిపెట్టు."

సరేనన్నాను. నాన్న కదల్లేదు.

"ఇంకొకటి. వాడితో ఉన్నవాళ్ళు ఎవరన్నా మిగిలుంటే ఒకసారి కలువు."

"కలిసి ఏం అడగను?"

గిన్నె బల్లమీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. "నా గురించి ఏమన్నా అన్నాడేమో కనుక్కో" అన్నాడు. "అంతే. వాడు నన్నేమన్నాడో తెలియకుండా పోతానేమోనని నాకు బెంగ."

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను. పొడుగాటి గది, కిటికీకి అడ్డంగా బీరువా, ఆ బీరువా మీద ఇంకో బీరువాకు సరిపడా ఫైళ్ళు. గుమాస్తా రిటైరవ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషి. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. కోప్పడలేదు. అలసిపోయి ఉన్నాడు, నాలాగే.

"చూడమ్మా. బతికున్న మనిషి చచ్చిపోయాడని నా దగ్గర కాగితం ఉంది. చచ్చిపోయిన మనిషి అసలు పుట్టాడని కాగితం లేదు. నన్నేం చెయ్యమంటావు?"

"పుట్టాడని రుజువు తెస్తే?"

"తేవాలి. అదొక్కటే చాలదు. మీ నాన్నగారు స్వయంగా వచ్చి, నేను బతికే ఉన్నాను, కాగితం అందినా వెళ్ళలేదు, నా బదులు తమ్ముడు వెళ్ళాడు అని వాంగ్మూలం ఇవ్వాలి. నా ముందు, ఈ కుర్చీలో కూర్చుని."

మా నాన్న ఆఫీసు గుమ్మం తొక్కడమంటే మాటలా అనుకున్నాను. జైల్లో పెడతారా అని అడిగాను. ఆయన బీరువా మీది దుమ్ము వంక చూసి, "యాభై రెండేళ్ళ తర్వాతా? పెట్టాలన్నా ఆ ఫైలు వెతికే ఓపిక ఎవడికుందమ్మా" అన్నాడు. తర్వాత సొరుగు లాగి, బాబాయి ఉన్న సైనిక దళంలోంచి తిరిగొచ్చినవాళ్ళ జాబితా బయటికి తీశాడు. పదిహేను పేర్లలో పదమూడు కొట్టేసి ఉన్నాయి. మిగిలిన ఇద్దరిలో ఒకాయన మంచం మీద ఉన్నాడట, ఎవర్నీ గుర్తుపట్టడట. రెండో ఆయన రెండు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పట్నంలో తాళాలు బాగుచేస్తాడు.

వెళ్ళొస్తుంటే ఫారం మళ్ళీ చూశాను. 'ఎలా మరణించారు' అన్నచోట 'శత్రువుతో వీరోచితంగా పోరాడుతూ' అని ముందే అచ్చువేసి ఉంచారు. మనం ఊరి పేరు, తేదీ నింపుకుంటే చాలు.

బుధవారం బడికి వెళ్ళాను. హెడ్‌మాస్టరు గారి గదిలో పాత రిజిస్టర్లున్న బీరువా తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. ఆవిడా నేనూ చెరో పక్క పట్టుకుని లాగితే వచ్చింది. పుస్తకాలు తడిసి ఆరి, పేజీలు అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. గంటన్నర వెతికితే దొరికాడు మా బాబాయి. నాలుగో తరగతిలో ఒక వరుసలో ఆయన సొంత పేరు, నల్ల సిరాతో. హాజరు గళ్ళలో సగానికి పైగా సున్నాలు. 'బడి మానివేసిన కారణం' అన్నచోట 'బట్టీ పని' అని ఉంది. దాని పక్కన ఎవరో మాస్టారు విసుగెత్తి రాసుకున్న ముక్క ఒకటి ఉంది. 'ఎన్నిసార్లు చెప్పినా ఈల మానడు.'

నా కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి పద్దెనిమిదేళ్ళు బతికినందుకు ఈ లోకంలో మిగిలిన కాగితం ఇదొక్కటి. అదీ ఒక ఫిర్యాదు. హెడ్‌మాస్టరు గారు నకలు రాసి ముద్ర వేసి ఇచ్చారు.

అక్కడి నుంచి మా వీధి చివర ఉండే పాల మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి ఎనభై దాటాయి. పాలు అమ్మడం మానేసి ఇరవై ఏళ్ళైనా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. బాబాయి పేరెత్తగానే ముందు తలుపు వెయ్యమంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"నాన్నే చెప్పాడు మామ్మా."

"చెప్పాడా? అమ్మయ్య. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని చచ్చాం. వీధి వీధంతా మీ నానమ్మకి మాటిచ్చింది. పిల్లల ముందు కూడా అనకూడదని."

బాబాయి మామ్మ వాళ్ళ నిచ్చెన ఎత్తుకుపోయి మూడు రోజులకి తెచ్చిచ్చేవాడట. కుక్క కనిపిస్తే వీధి మార్చేవాడట. నెత్తిమీద రెండు రొట్టెల ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, చేతులు వదిలేసి నడిచేవాడట, ఆడపిల్లలు చూస్తుంటే మూడు. అన్నదమ్ములిద్దరూ తిట్టుకోని పూట లేదట. మీ నాన్న తక్కువ, వాడు ఎక్కువ అంది మామ్మ.

"కబురు తెచ్చిన రోజు నేనక్కడే ఉన్నా" అంది. "ఇద్దరొచ్చారు, టోపీలు చంకలో పెట్టుకుని. తలుపు తీసింది మీ నాన్నే. ఫలానా ఆయన ఇల్లు ఇదేనా అన్నారు, మీ నాన్న పేరు చెప్పి. అవునన్నాడు. ఆయన యుద్ధంలో చనిపోయారండీ అన్నారు. ఎవరితో చెప్తున్నారు, ఎవరి సంగతి చెప్తున్నారు! మీ నాన్న అలా నిలబడి, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. వాళ్ళు తాగి, ఆయన మీకేమవుతారు అని అడిగారు. మీ నానమ్మ లోపల్నుంచి వచ్చి, నా పెద్దకొడుకు అంది. ఆ తర్వాత రెండు నెలలు మీ నాన్న మాట్లాడటం నేను వినలేదు."

నేను రాసుకుంటున్న నోటుపుస్తకం మూసేశాను. ఇందులో పది వాక్యాలకు పనికొచ్చేది ఏదీ లేదు.

గురువారం నా డ్యూటీ లాండ్రీలో నా పక్కబల్ల దగ్గర పనిచేసే ఆమెకి అప్పగించి పొద్దున్నే బస్సెక్కాను. తాళాలాయన కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంది. నిలబడితే తల తగులుతుంది. గోడ నిండా తీగలకు గుచ్చిన తాళంచెవులు, చిన్నవి ఒకపక్క, పెద్దవి ఒకపక్క. ఆయన ఎడమచేతికి మూడే వేళ్ళు. ఆ మూడింటితోనే తాళంచెవిని బిగించి పట్టుకుని ఆకురాయితో రుద్దుతున్నాడు. నేను నాన్న పేరు చెప్పి, ఆయన మీ దళంలో ఉండేవాడా అని అడిగాను. ఆకురాయి ఆగింది.

"వాడా! నువ్వెవరమ్మా వాడికి?"

"అన్న కూతుర్ని."

"ఓహో. అన్న కూతురివా" అన్నాడు. పక్కనున్న స్టూలు మీది ఇనప సామాను నేల మీదకు దించి, "కూర్చో తల్లీ" అన్నాడు. వెనక గదిలోంచి ఆయన భార్య, "ఆ యుద్ధం కథ మళ్ళీ మొదలెట్టారా" అని కేకేసింది. "ఈసారి నేను కాదే, వాళ్ళే వచ్చి అడుగుతున్నారు" అని ఈయన గర్వంగా జవాబిచ్చాడు.

"అన్న పేరు మీద వచ్చానని నాకొక్కడికే చెప్పాడమ్మా. మొదటి వారం హాజరు పిలిస్తే పలికేవాడు కాదు. పక్కనుంచి నేను మోచేత్తో పొడిచేవాణ్ణి. చెవుడేమోనని డాక్టరు దగ్గరికి కూడా పంపారు. తర్వాత అలవాటుపడ్డాడులే. నీ అసలు పేరేంట్రా అంటే చెప్పేవాడు కాదు. ఇక్కడ వాడితే అరిగిపోతుంది, ఇంటికెళ్ళాక చెప్తా అనేవాడు."

నేను బాబాయి అసలు పేరు చెప్పాను. ఆయన పెదాలతో రెండుసార్లు అనుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నప్పలేదమ్మా. నాకు వాడు ఆ పేరే. ఏమీ అనుకోకు."

"సరదాపడి వెళ్ళాడని చెప్పారు మా ఇంట్లో."

"సరదానా?" ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "ఎవరమ్మా చెప్పింది? వాడంత పిరికివాణ్ణి నేను చూడలేదు. వచ్చిన మొదటి వారమంతా దుప్పటి కప్పుకుని వణికాడు. కాగితం వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళన్న పిండి బస్తాల వెనక దూరి కూర్చున్నాడట. రెండు రోజులు బయటికి రాలేదట, అన్నం కూడా అక్కడికే. మూడో రోజు లారీ వచ్చి వీధి చివర హారన్ కొడుతోందట. లోపల అన్న ఏడుస్తున్నాడు, బయట హారన్ ఆగట్లేదు. వీడు తీగ మీద ఆరేసిన అన్న చొక్కా తొడుక్కుని వెళ్ళి లారీ ఎక్కేశాడు. అదీ సంగతి."

నాన్న నాతో అబద్ధం చెప్పాడు. అడగాల్సింది అడగడానికే వచ్చాను కాబట్టి కాసేపటికి అడిగాను.

"వాళ్ళన్న గురించి ఏమన్నా అనేవాడా?"

తాళాలాయన పగలబడి నవ్వాడు. "అనడమా? తిట్టని రోజుందా! చలి మొదలైందంటే చాలు. 'మా అన్నగాడు ఇప్పుడు బట్టీ పక్కన కాళ్ళు చాపుకుని గురక పెడుతుంటాడురా. వాడి మొహం మండ. సన్నాసి. ఒక్కసారి ఇంటికి పోనీ, ఏడాది పాటు వాడిచేతే పిండి పిసికిస్తా, నేను గోడకి జారబడి ఈల వేస్తా' అనేవాడు. మళ్ళీ కాసేపుండి తనే, 'అయినా వాడొచ్చుంటే రెండో రోజే గుండాగి చచ్చేవాడురా, ట్రే కిందపడితేనే ఉలిక్కిపడతాడు వెధవ' అనేవాడు. ఎన్నిసార్లు విన్నానో. నాకు మీ నాన్నని చూడకుండానే కోపం, చూడకుండానే తెలుసు."

బాబాయి ఎలా పోయాడో కూడా చెప్పాడు. బట్టీ పని తెలిసినవాడని రొట్టెల లారీ మీద వేశారట. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వంతెన విరిగి లారీలన్నీ వరసగా ఆగిపోయాయి. అందరూ లారీ నీడన కూర్చున్నారు. బాబాయి రొట్టె కొరికి, 'ఇది కాల్చినవాడెవడో గానీ, వాడికి...' అని ఏదో అనబోతున్నాడట. పైనుంచి బాంబు పడింది. ఈయన రెండు వేళ్ళు పోయింది కూడా అప్పుడే.

"మాట పూర్తి కాలేదమ్మా. నొప్పి తెలిసేంత సేపు కూడా పట్టలేదు. నిన్ను ఓదార్చడానికి చెప్పట్లేదు. నిజంగానే పట్టలేదు."

లోపలి నుంచి ఆయన భార్య మాట్లాడకుండా రెండు గ్లాసుల టీ తెచ్చి పెట్టి వెళ్ళింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నిద్ర పట్టలేదు. నాన్న మీద కోపం సలసలా కాగుతోంది. బస్తాల వెనక దాక్కున్నావా? తమ్ముణ్ణి పంపి, సరదాపడ్డాడని నాతో అంటావా? ఇంటికెళ్ళి కడిగేద్దామనుకున్నాను. ఏ మాటలతో కడగాలో కూడా వరుసగా పేర్చుకున్నాను.

సగం దూరం వచ్చాక పక్కబల్ల ఆమె గుర్తొచ్చింది. అంటువ్యాధి వచ్చిన ఏడాది, ఆ రోగుల వార్డు నుంచి వచ్చే మురికి బట్టల మూటలు విప్పే వంతు నాదైతే, నడుం నొప్పని వారం రోజులు సెలవు పెట్టాను. నడుం నిక్షేపంగా ఉంది. నా బదులు ఆమె విప్పింది. ఆమెకేమీ కాలేదు. కాకపోవడం నా గొప్పతనం కాదు. ఈరోజు నా డ్యూటీ చేస్తున్నదీ ఆమే. పేర్చుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే నాలోనే చల్లారిపోయాయి. దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఒంట్లో అలసట తప్ప ఏమీ మిగల్లేదు.

నాన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"కలిశావా?"

"కలిశాను."

"ఏమన్నాడు వాడు? నా గురించి?"

డెబ్భై మూడేళ్ళ మనిషి. ఆ ముఖం చూసి నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఒక్క మాట కూడా అనలేదట నాన్నా. ఎప్పుడూ మంచిగానే తలుచుకునేవాడట. మా అన్న బంగారం అనేవాడట" అన్నాను.

నాన్న నా వైపే చూస్తూ ఉండిపోయాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఆ ముఖం వాడిపోయింది.

"అయితే అది వాడు కాదమ్మా" అన్నాడు. "వేరే ఎవరినో కలిసొచ్చావు. వాడు నన్ను తిట్టకుండా ఒక్క పూటైనా ఉండలేడు. పాపం ఎండలో అంతదూరం పోయావు." గోడ పట్టుకుని లేచి లోపలికి నడిచాడు.

నేను చెప్పులు విప్పి వెనకే వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. "తిట్టాడు నాన్నా" అన్నాను. "రోజూ తిట్టాడట." తాళాలాయన ఎలా చెప్పాడో అలాగే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. బట్టీ పక్కన గురక, మొహం మండ, ఏడాది పాటు పిండి, గోడకి జారబడి ఈల. ట్రే కిందపడితే ఉలిక్కిపడే వెధవ.

నాన్న భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడనుకుని లేచాను. నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఏడుపులోకి దిగిపోయాడు, మళ్ళీ ఆ ఏడుపులోంచే నవ్వాడు. నా నలభై ఆరేళ్ళ బతుకులో మా నాన్న అలా నవ్వగా చూడలేదు నేను.

"వాడే" అన్నాడు. "వాడేనమ్మా. ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఉత్త సన్నాసి అనుండడు. సన్నాసి వెధవ అనుంటాడు. ఆయన మర్చిపోయుంటాడు."

"అయ్యుండొచ్చు నాన్నా."

ఆయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపటికి, నా వైపు చూడకుండా అడిగాడు. "బస్తాల సంగతి కూడా చెప్పాడా?"

"చెప్పాడు."

నాన్న తల ఊపాడు. బల్లమీద ఎక్కడా లేని పిండిని అరచేత్తో పక్కకు తోశాడు, బట్టీలో పనిచేసినన్నాళ్ళూ ఉన్న అలవాటది. "రేపు ఆఫీసుకు నేనూ వస్తాను" అన్నాడు.

శుక్రవారం పదకొండింటికి వెళ్ళాం. గేటు దగ్గర నాన్న ఆగాడు. నేనూ ఆగాను. తొందరపెట్టలేదు. ఒక ప్యూను, ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని దాటుకుని వెళ్ళారు. తర్వాత నాన్న నా చెయ్యి పట్టుకోకుండానే మెట్లెక్కాడు.

గుమాస్తా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తన దగ్గరున్న నీళ్ళ సీసా ముందుకు జరిపాడు. బడి నకలు చూసి, ఇది సరిపోతుంది, వాంగ్మూలం అయిపోతే రాతి మీద తమ్ముడి పేరే పడుతుంది అన్నాడు. పేరు అడిగాడు. నాన్న తన పేరు చెప్పాడు. ఒక ఆఫీసులో కూర్చుని ఆ పేరు ఆయన నోటితో చెప్పడం నేను వినడం అదే మొదలు. వయసు, తండ్రి పేరు, ఊరు. గుమాస్తా ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు.

"కాగితం మీకు అందింది. మీరు వెళ్ళలేదు. కారణం?"

గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని కొంచెంసేపు చూశాడు. చెడ్డమనిషి కాదు ఆయన. గొంతు తగ్గించి, "జ్వరమని రాసెయ్యనా పెద్దాయనా?" అన్నాడు. "చాలామంది అదే రాయిస్తారు. ఎవరూ అడగరు."

"జ్వరం లేదు బాబూ" అన్నాడు నాన్న. "భయమేసింది."

గది అవతలి బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్న అమ్మాయి తలెత్తి చూసింది.

"వాడికీ భయమే. నాకంటే ఎక్కువ భయం. కుక్కంటే కూడా భయం వాడికి. అయినా వాడు లారీ ఎక్కాడు. నేను బస్తాల వెనక ఉన్నాను. అట్లాగే రాయి."

"ఇలా రాస్తే ఇది ఫైల్లో ఎప్పటికీ ఉండిపోతుందండీ."

"ఉండాలనే కదా వచ్చాను."

గుమాస్తా నా వైపు చూశాడు. నేను రాయమన్నట్టు తలూపాను. ఆయన రాయడం మొదలుపెట్టాడు. నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని, బల్ల మీదకు వంగి, చివరి అక్షరం పడేదాకా ఆ కలం వంకే చూస్తూ కూర్చున్నాడు.